రిఫరల్ స్లిప్పు కంటే ముందు సూదిమందు

డ్యూటీ డాక్టర్లకు, స్టాఫ్ నర్సులకు, 108 సిబ్బందికి నమస్కారం.

పాడేరులో ఒకాయన ఛాతీ నొప్పితో వచ్చాడనుకుందాం. ఈసీజీ గీతలో ఎస్‌టీ అనే భాగం లేచి ఉంది, అంటే గుండె నాళం గడ్డతో మూసుకుందన్నమాట. విశాఖ నూరు కిలోమీటర్ల పైమాటే, అందులో ఘాట్ రోడ్డు. అలాంటప్పుడు మన చెయ్యి ముందుగా రిఫరల్ స్లిప్పు మీదికే పోతుంది. ఆ స్లిప్పు రాసే ముందు జరగాల్సిన పని, అంటే ఆ గడ్డను కరిగించే సూదిమందు వేయడం గురించే ఈ ప్రసంగమంతా.

నాళం మూసుకున్నంత మాత్రాన గుండె కండరమంతా ఒక్కసారిగా చావదు. 1977లో రైమర్, జెన్నింగ్స్ అనే పరిశోధకులు కుక్కల మీద చేసిన ప్రయోగాల్లో తేలిందేమిటంటే, చావు లోపలి పొరలో మొదలై బయటి పొర వైపు పాకుతుంది, గోడకు చెమ్మ ఎక్కినట్టు. 40 నిమిషాలకు నాళం తెరిస్తే సగానికి పైగా కండరం దక్కింది. 3 గంటలు ఆగితే సగానికి పైగా పోయింది.

యాంజియోప్లాస్టీయే (సన్నని తీగ పంపి నాళం తెరవడం) మేలైన వైద్యం, కాదనేవారు లేరు. కానీ దానికి 120 నిమిషాల షరతుంది. ఈసీజీలో జబ్బు గుర్తించిన క్షణం నుంచి తీగ గడ్డను దాటేదాకా లెక్క. అంబులెన్స్ కోసం ఆగడం, రోడ్డు, అక్కడ క్యాజువాలిటీలో కాగితాలు, అర్ధరాత్రి క్యాథ్‌ల్యాబ్ (యాంజియోప్లాస్టీ చేసే గది) సిబ్బంది ఇంటి నుంచి రావడం, అన్నీ అందులోకే వస్తాయి. ఫోన్‌లో మ్యాప్ చూపించే టైము ఇందులో ఒక ముక్క మాత్రమే. నిజాయితీగా కూడితే 120 దాటుతుందా? అయితే నొప్పి మొదలై 12 గంటలు దాటనివారికి గడ్డ కరిగించే మందు ఇక్కడే, 10 నిమిషాల్లో పడాలి. ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతిందో లేదో చెప్పే రక్తపరీక్ష) రిపోర్టు కోసం ఆగొద్దు.

రోగి వచ్చిన 10 నిమిషాల్లో ఈసీజీ తీయాలి. మామూలుగానే ఉండి నొప్పి తగ్గకపోతే గ్యాస్ అని పంపేయకుండా 15 నిమిషాలకోసారి మళ్లీ తీయండి. ఛాతీ మీది వీ1 నుంచి వీ3 వరకు లీడ్లలో ఎస్‌టీ దిగి ఉంటే వీపు మీద వీ7, వీ8, వీ9 లీడ్లు పెట్టి చూడండి. కింది గోడ గుండెపోటైతే ఛాతీకి కుడివైపు వీ4ఆర్ లీడ్ చూడనిదే నాలుక కింద సార్బిట్రేట్ (నాళాలను వదులు చేసే మాత్ర) పెట్టొద్దు. కుడి జఠరిక దెబ్బతిని ఉంటే బీపీ ఢమాల్న పడిపోతుంది. అసలు సార్బిట్రేట్ గడ్డను కరిగించదు, ఈ మాట జనానికీ చెప్పాలి.

మెదడులో ఎప్పుడైనా రక్తస్రావమైందా, ఈమధ్య పక్షవాతం వచ్చిందా, పెద్ద ఆపరేషన్ జరిగిందా, ఇప్పుడు ఎక్కడైనా రక్తం పోతోందా అని అడగండి. రెండు చేతుల్లోనూ బీపీ చూడండి, బాగా తేడా ఉంటే బృహద్ధమని చీలిందేమోనని అనుమానించాలి. 180/110 దాటితే ముందు తగ్గించాలి.

ఇక గడ్డ కరిగించే మందు, టెనెక్టెప్లేజ్. 40 మి.గ్రా. వయల్లో 8 మి.లీ. స్టెరైల్ వాటర్ మెల్లగా పోసి, చేతిలో తిప్పండి. ఊపితే నురగ కడుతుంది, కడితే రెండు నిమిషాలు వదిలేయండి. మి.లీ.కి 5 మి.గ్రా. 60 కిలోల లోపు 30 మి.గ్రా., ఆపై ప్రతి పది కిలోలకు 5 చొప్పున పెంచుతూ, 90 కిలోలకు 50 దగ్గర ఆపాలి. బరువు కోసం రోగిని తూనిక మీద నిలబెట్టకండి, ఇంటివాళ్లను అడిగితే చాలు. 75 ఏళ్లు దాటితే సగమే. 2013లో వెలువడిన స్ట్రీమ్ అధ్యయనంలో పెద్దవాళ్లకు మెదడులో రక్తస్రావాలు కనబడి, మధ్యలోనే మోతాదు సగానికి తగ్గించారు. మందంతా ఒకే దఫాగా 5 సెకన్లలో నరంలోకి. ఆ లైన్లో డెక్స్‌ట్రోజ్ వెళ్తుంటే మందు విరిగిపోతుంది, కాబట్టి ముందూ వెనకా సెలైన్‌తో కడగాలి.

దీంతోపాటు ఆస్పిరిన్ 300 మి.గ్రా. నమిలించాలి. క్లోపిడోగ్రెల్ 75 మి.గ్రా. మాత్రలు నాలుగు, 75 ఏళ్లు దాటినవారికి ఒకటే. కొత్త గడ్డ కట్టకుండా ఎనోక్సాపారిన్ కూడా. నొప్పి అంటున్నాడని పిర్రకు డైక్లోఫెనాక్ పొడిచే అలవాటు మాత్రం మానాలి. గడ్డ కరిగే మందు పడ్డాక అక్కడ రక్తం గూడుకడుతుంది.

గడ్డ కరిగించే మరో మందు స్ట్రెప్టోకైనేజ్ మాత్రమే ఉంటే 15 లక్షల యూనిట్లు, 30 నుంచి 60 నిమిషాల్లో. బీపీ పడితే డ్రిప్ నెమ్మదించి కాళ్లు ఎత్తి పెట్టండి. ఒకసారి తీసుకున్నవారికి మళ్లీ ఇవ్వకూడదు.

ఆంధ్రప్రదేశ్‌లో స్టెమీ (ఎస్‌టీ లేచిన గుండెపోటు) కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో టెనెక్టెప్లేజ్ ఉచితం. అంచేత ఇప్పుడు అడ్డం వస్తున్నది ధర కాదు, భయం. మెదడులో రక్తస్రావం సుమారు నూటికి ఒకరికి, నిజమే. తలనొప్పి, వాంతి, మత్తు కనిపిస్తే ఎనోక్సాపారిన్ ఆపి వెంటనే సీటీ చేయించాలి. కానీ మూసుకున్న నాళాన్ని అలాగే వదిలేస్తే జరిగే నష్టం అంతకన్నా ఎంతో పెద్దది.

మందు పడగానే బండి కదలాలి. డీఫిబ్రిలేటర్ (గుండెకు షాక్ ఇచ్చే యంత్రం) చేతికందేలా ఉండాలి. 60 నుంచి 90 నిమిషాలకు దారిలోనే ఈసీజీ తీసి, ఎక్కువగా లేచిన లీడ్‌లో ఎస్‌టీ సగమైనా దిగిందేమో చూడండి. ఆ సమయంలో వెడల్పాటి బీట్లు నిమిషానికి 60 నుంచి 110 వేగంతో కనిపిస్తే, బీపీ బాగుంటే, మందేమీ అక్కర్లేదు. నాళం తెరుచుకున్నప్పుడు అలా రావడం మామూలే. ఎస్‌టీ దిగకపోతే వెళ్లగానే యాంజియోప్లాస్టీ. దిగినా 2 నుంచి 24 గంటల్లో యాంజియోగ్రామ్ చేయాలి, ఎందుకంటే గడ్డ కరిగినా దాన్ని పుట్టించిన కొవ్వు పొర అక్కడే ఉంటుంది.

స్లిప్పు ఇప్పుడు రాయండి. నొప్పి మొదలైన టైము, ఈసీజీ టైము, మందు పేరు, మోతాదు, పడిన టైము. మొదటి ఈసీజీ జత చేసి, దాని ఫోటో వాట్సాప్‌లో క్యాథ్‌ల్యాబ్ డాక్టరుకు పంపి, ఫోన్ చేసి చెప్పండి. అలా చేస్తే రోగి క్యాజువాలిటీ బల్ల మీద మళ్లీ ఇంకో గంట పడుకోనక్కర్లేదు.