పోర్చుగీసులో పరిశోధన చేసే విద్యార్థికి మొదటి ప్రశ్న

ఆచార్యులకు, పరిశోధక విద్యార్థులకు నమస్కారం.

పోర్చుగీసు సాహిత్యం మీద గానీ, ఆ భాష మీద గానీ పరిశోధన చేయదలచిన విద్యార్థి ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమని నిర్వాహకులు నన్ను అడిగారు. అంశాల పట్టిక ఇచ్చి వెళ్లిపోవడం తేలిక. దానివల్ల మహా అయితే మన విశ్వవిద్యాలయాలకు బాగా అలవాటైన 'ఫలానా కవి కవిత్వం - సమగ్ర పరిశీలన' అనే బాపతు శీర్షికలు మరో పది పుడతాయి. అందుకు బదులు, ఏ అంశం తీసుకున్నా ముందుగా వేసుకోవలసిన ఒక ప్రశ్న గురించి మాట్లాడతాను. నా ముందున్న ఈ పాఠం ఎవరి చేతుల మీదుగా నా దాకా వచ్చింది? సాహిత్య విద్యార్థికి పాఠమంటే అచ్చు పుస్తకం, భాషాశాస్త్ర విద్యార్థికి రికార్డు చేసి కాగితం మీద పెట్టిన సంభాషణ. ఇద్దరికీ ప్రశ్న మాత్రం ఒకటే.

పోర్చుగీసు ఒక దేశపు భాష కాదని మీకు తెలుసు. పోర్చుగల్, బ్రెజిల్, అంగోలా, మొజాంబిక్, గినీ-బిసావు, కేప్ వెర్డె, సావో టోమే, తూర్పు తిమోరుల్లో అది అధికార భాష. మాట్లాడేవాళ్లలో అత్యధికులు బ్రెజిల్‌లోనే ఉన్నారు. విద్యార్థి పరిశోధన విషయంలో కూడా బ్రెజిల్‌ను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. అక్కడ డిగ్రీ చదువుతున్న విద్యార్థికే ఒక ఆచార్యుని దగ్గర చిన్న పరిశోధన అప్పగించి, ఉపకార వేతనం ఇచ్చే పద్ధతి ఉంది. జాతీయ పరిశోధన మండలి 1988లో దీన్ని ఒక కార్యక్రమంగా స్థిరపరిచింది. ఇరవై ఏళ్ల పిల్లలు నాలుగు గంటల రికార్డింగు ముందు పెట్టుకుని, ఒక్క సర్వనామం వాక్యంలో ఎక్కడ నిలుస్తోందో లెక్కపెట్టే పని నేర్చుకునేది ఇక్కడే. మన దగ్గర పీహెచ్‌డీలో చేరాక కూడా ఆ పని నేర్పేవాళ్లు అరుదు.

ఇక నా ప్రశ్నకు వస్తాను. పోర్చుగీసు సాహిత్యానికి తలమానికమైన కమోయింష్ మహాకావ్యం 'ఉష్ లుజీఅదష్' పది సర్గలు, 1102 పద్యాలు. లిస్బన్‌లో 1572లో అచ్చయింది. అయితే 1572 అని ముఖపత్రం మీద వేసుకున్న ముద్రణలు రెండు ఉన్నాయి. ముఖపత్రం మీది అలంకార చిత్రంలో ఒక పెలికాన్ పక్షి ఉంటుంది. ఒక ముద్రణలో దాని తల ఒక పక్కకు, రెండో దానిలో మరో పక్కకు తిరిగి ఉంటుంది. తొలి పద్యం ఏడో పాదంలో ఒక ముద్రణ 'మరియు' అనే అర్థమిచ్చే ఒక్క అక్షరంతో మొదలవుతుంది, రెండో దానిలో ఆ అక్షరం లేదు. రెండింటిలో ఏది ముందుది, రెండోది ఎందుకు పాత తేదీ వేసుకుంది అన్న చర్చ శతాబ్దాలుగా నడుస్తోంది. 1584లో సెన్సారు కోతలతో వచ్చిన ముద్రణను దాటవేయడానికే ఎవరో పాత తేదీతో మళ్లీ అచ్చువేశారని వాదించినవాళ్లూ ఉన్నారు. ఛందస్సు మీద పనిచేసే విద్యార్థి ఏ ముద్రణ వాడుతున్నాడో చెప్పకపోతే ఆ పాదానికి అతను వేసే లెక్క చెల్లదు. వేమన పద్యాల పాఠాంతరాలతో తల పట్టుకున్న తెలుగువారికి ఇది కొత్తగా తోచనక్కరలేదు.

ఇరవయ్యో శతాబ్దపు పోర్చుగీసు కవి ఫెర్నాండో పెసోవా విషయం దీనికి తలకిందులు. అక్కడ రచయితే పుస్తకాన్ని పూర్తి చేయలేదు. 1935లో ఆయన చనిపోయేనాటికి ఒక పెట్టె నిండా పాతికవేలకు పైగా కాగితాలు మిగిలాయి. వాటిలో 'అశాంతి పుస్తకం' అనే వచన రచన తాలూకు తునకలు వందల సంఖ్యలో ఉన్నాయి. అది పుస్తకంగా తొలిసారి వెలువడింది 1982లో, అంటే రచయిత పోయిన నలభై ఏడేళ్లకు. ఆ తర్వాత వచ్చిన ప్రతి సంపాదకుడూ తునకలను తనకు తోచిన వరసలో పేర్చాడు, కొన్నిటిని చేర్చాడు, కొన్నిటిని వదిలేశాడు. కాబట్టి 'ఈ పుస్తకంలో నిరాశ క్రమంగా ఎలా పెరుగుతుంది' అని సిద్ధాంత వ్యాసం రాస్తే, ఆ క్రమం పెసోవాది కాదు, సంపాదకుడిది. కొయింబ్రా విశ్వవిద్యాలయం వాళ్లు నాలుగు ప్రధాన సంపాదక పాఠాలను, రాతప్రతుల చిత్రాలను పక్కపక్కన పెట్టి ఇంటర్నెట్‌లో ఉంచారు. ఆ కాగితాలున్న లిస్బన్‌కు వెళ్లలేని విద్యార్థి కూడా ఇప్పుడు ఈ పని ఇంటి నుంచే చేసుకోవచ్చు.

ఇంతవరకు చెప్పింది సాహిత్య విభాగం వాళ్ల తలనొప్పి అని భాషాశాస్త్ర విద్యార్థులు అనుకోవచ్చు. వాళ్ల కోసమే తరవాతి ఉదాహరణ తీసుకుంటున్నాను. దీని మీద కొంచెం ఎక్కువసేపు నిలుస్తాను.

కరొలీనా మరీయా ద జెసూస్ 1914లో బ్రెజిల్‌లోని మినాస్ జెరాయిస్ రాష్ట్రంలో పుట్టిన నల్లజాతి స్త్రీ. బడికి వెళ్లింది రెండేళ్లు. సావో పావ్లో నగరంలో తియెతె నది ఒడ్డున కనిండే అనే మురికివాడలో ముగ్గురు పిల్లలతో బతుకుతూ, వీధుల్లో కాగితాలు, ఇనుప ముక్కలు ఏరి అమ్ముకునేది. చెత్తలో దొరికిన నోటుపుస్తకాల్లో ఖాళీ పేజీల మీద డైరీ రాసేది. 1958లో ఔదాలియో దాంతస్ అనే విలేకరి ఆ వాడ మీద వార్తాకథనం కోసం వెళ్లి ఆ నోటుపుస్తకాలు చూశాడు. 1960లో ఆయన సంపాదకత్వంలో 'క్వార్తు ద దెస్పేజు' వచ్చింది, అంటే పనికిరాని సామాను పడేసే గది. డైరీ 1955 జులై 15న మొదలవుతుంది. ఆ రోజు కూతురి పుట్టినరోజు. బూట్లు కొనాలనుకుంది గానీ తిండి ధరలు కొననివ్వలేదు. చెత్తలో దొరికిన జతను కడిగి, కుట్టి బిడ్డకు తొడిగింది.

ఈ పుస్తకం పాఠకుల చేతికి వచ్చినప్పుడు అందరూ గమనించిన సంగతి, వర్ణక్రమ దోషాలను, వ్యాకరణ స్ఖలనాలను ఉన్నవి ఉన్నట్టు అచ్చువేయడం. పునరుక్తులు తగ్గించామే తప్ప రచయిత్రి భాషను ముట్టుకోలేదని ప్రచురణ పక్షం చెప్పింది. తరవాతి తరం పరిశోధకులు మూల నోటుపుస్తకాలను అచ్చుప్రతితో పోల్చి చూసినప్పుడు, తొలగింపులే కాక మాటలు మార్చిన చోట్లు కూడా కనబడ్డాయి. ఈ డైరీలో మురికివాడ మాటతో పాటు పాతకాలపు గంభీరమైన పుస్తక పదాలూ ఉంటాయి. ఆమె బాగా చదివేది, కవయిత్రిననే అనుకునేది. తప్పులను మాత్రం భద్రంగా కాపాడి, పాండిత్యపు ఛాయను పలచన చేస్తే పాఠకుడి కళ్ల ముందు నిలిచేది వేరే మనిషి. 2021లో ఆమె మరో డైరీని రెండు సంపుటాలుగా తిరిగి వేసినప్పుడు, ఆమె కూతురుతో పాటు రచయిత్రి కొన్సెయిసావ్ ఎవరిస్తు కూడా ఉన్న సంపాదక మండలి మూలంలోని రాతనే నిలిపింది. ఆ నిర్ణయం మీదా వాదోపవాదాలు జరిగాయి. తెల్ల రచయితల రాతప్రతుల్లోని వర్ణక్రమ దోషాలను మారుమాట లేకుండా దిద్దే ప్రచురణకర్తలు, ఈమె దగ్గరికి వచ్చేసరికి ఎందుకు దిద్దరన్నది న్యాయమైన ప్రశ్నే.

ఇప్పుడు భాషాశాస్త్ర విద్యార్థి ఇదే పుస్తకం తీసుకున్నాడనుకుందాం. బ్రెజిల్ వాడుక భాషలో బహువచనాన్ని ప్రతి మాటకూ తగిలించరు. 'ఆ పిల్లలు' అనవలసిన చోట ముందున్న 'ఆ' వంటి నిర్దేశక పదానికి మాత్రమే బహువచనం తగిలించి, నామాన్ని ఏకవచనంలోనే వదిలేస్తారు. క్రియాపదం కూడా అలాగే. ఇందులో ఒక పద్ధతి ఉందని 1970లలోనే తేలింది. ఏకవచన బహువచన రూపాల మధ్య వినికిడి తేడా ఎంత తక్కువైతే పొందిక, అంటే కర్తతో క్రియ వచనం కలవడం, అంత తరచుగా తప్పుతుంది. 'తింటాడు', 'తింటారు' అనే అర్థాలిచ్చే క్రియారూపాల మధ్య ఉన్న తేడా చివరి అచ్చు ముక్కులోంచి పలకడం మాత్రమే. కాబట్టి అక్కడ పొందిక ఎక్కువగా జారిపోతుంది. 'ఉన్నాడు', 'ఉన్నారు' వంటి క్రియలో రెండు రూపాలకూ పోలికే ఉండదు కనుక అక్కడ చదువు లేనివాళ్లు కూడా ఎక్కువగా పొందిక నిలుపుకుంటారు.

కరొలీనా డైరీలో ఇదే పద్ధతి ఉందా? బంగారం లాంటి ప్రశ్న. కానీ దీనికి జవాబు అచ్చుపుస్తకం నుంచి రాబట్టడం కుదరదు. నోటుపుస్తకానికే వెళ్లాలి. వెళ్లాక రెండో చిక్కు వస్తుంది. క్రియ చివర ముక్కు ధ్వనికి గుర్తుగా రాసే 'మ్' అక్షరం ఆమె రాయలేదంటే, ఆమె మాటలో బహువచనం లేదనా, లేక ఆ ధ్వనిని రాసే పద్ధతి బడిలో గట్టిపడలేదనా? ఆమె అదే అక్షరాన్ని క్రియలు కాని మాటల చివర కూడా వదిలేస్తోందా అని చూస్తే ఈ రెండిటినీ విడదీయవచ్చు. నామాల చివర సరిగా రాసి క్రియల చివర మాత్రమే వదిలేస్తే అది వ్యాకరణం, అన్నిచోట్లా వదిలేస్తే అది రాతకు సంబంధించిన అలవాటు. ఇంత చిన్న పరీక్ష ఒక పీజీ వ్యాసానికి సరిపోతుంది. సాహిత్య విద్యార్థికీ దాని ఫలితం కావాలి, ఎందుకంటే ఆ స్వరం ఎవరిదన్న ప్రశ్నకు అది సాక్ష్యం. ఆంగ్లానువాదం మీద ఆధారపడే విద్యార్థికి మాత్రం ఈ ప్రశ్న పుట్టడానికే అవకాశం లేదు. అందుకే భాష రాకుండా అంశం రిజిస్టరు చేయించుకోవద్దని నా దగ్గరికి వచ్చేవాళ్లకు కొంచెం కటువుగానే చెబుతుంటాను.

మాట్లాడిన మాటను రికార్డు చేసిన సామగ్రికి కూడా సంపాదకుల చేతులు ఉంటాయి. 1970 ప్రాంతంలో బ్రెజిల్‌లోని రెసీఫె, సాల్వదోర్, రియో, సావో పావ్లో, పోర్తో అలెగ్రె నగరాల్లో విద్యావంతుల మాటను రికార్డు చేసే పెద్ద పథకం మొదలైంది. డిగ్రీ చదివి, ఆ నగరంలోనే పుట్టి పెరిగినవాళ్లనే ఎంచుకున్నారు. ఇద్దరి మధ్య సంభాషణ, ప్రశ్నలడిగేవారితో ముఖాముఖి, తరగతి ఉపన్యాసం వంటి సభా ప్రసంగం అని మూడు రకాలుగా నమోదు చేశారు. ఆ డిగ్రీలున్నవాళ్లు కూడా వ్యాకరణ పుస్తకం చెప్పినట్టు మాట్లాడరని ఆ రికార్డింగులే చూపించాయి. అయినా 2011లో, నామానికి ప్రత్యయం తగిలించని బహువచనం వాడుకలో ఉందని ఒక వయోజన విద్యా పాఠ్యపుస్తకం చెప్పేసరికి పత్రికలు, టీవీలు గగ్గోలు పెట్టాయి. గిడుగు వారి కాలపు వాదాలు చదివినవాళ్లకు ఆ వ్యాసాల్లోని గొంతు ఇట్టే గుర్తుపట్టవచ్చు.

ఆఫ్రికా రచయితల దగ్గర తప్పు మరో వైపు నుంచి జరుగుతుంది. అంగోలా రాజధాని లువాండా మురికివాడల గురించి లువాందీను వియెయిరా రాసిన కథల సంపుటి 'లువువాండ' 1965లో పోర్చుగీసు రచయితల సంఘం బహుమతి పొందింది. రచయిత అప్పటికి కేప్ వెర్డెలోని తారఫాల్ జైల్లో ఉన్నాడు. బహుమతి ఇచ్చిన పాపానికి ప్రభుత్వం ఆ సంఘాన్నే మూసేసింది. ఆ కథల్లో పోర్చుగీసు అక్కడి స్థానిక భాష కింబుందుతో కలిసి నడుస్తుంది. విద్యార్థులు దాన్ని లువాండా వీధుల మాటకు రికార్డింగుగా తీసుకుని, దాని నుంచి వ్యాకరణం తీయబోతారు. అది రచయిత కట్టిన భాష. బ్రెజిల్‌లో గిమరాయెష్ రోజా 1952లో పశువుల మంద వెంట నడుస్తూ నోటుపుస్తకంలో రాసుకున్న మాటలకూ, 1956 నాటి ఆయన నవలలోని మాటలకూ మధ్య ఉన్న దూరం కొలిచి చూస్తే ఈ సంగతి కళ్లకు కడుతుంది. ఆ పత్రాలు సావో పావ్లో విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. అంగోలాలో 2014 జనగణన ప్రకారం ఇంట్లో పోర్చుగీసు మాట్లాడేవాళ్లు 71 శాతం. కాబట్టి నేటి లువాండా భాష కోసం 1960ల కథల దగ్గరికి వెళ్లడమంత పొరపాటు లేదు.

మన దేశంలో ఉండి చేయగలిగిన పని ఏమిటని మీలో కొందరు అడుగుతారు. చాలా ఉంది. మహారాష్ట్ర తీరంలో చౌల్ దగ్గర కొర్లయి గ్రామంలో పోర్చుగీసు మూలంగా ఏర్పడిన క్రియోల్, అంటే మిశ్రమ భాష, ఈనాటికీ ఇళ్లలో వినబడుతుంది. 1740లో పోర్చుగీసు పాలన వెళ్లిపోయాక, చుట్టూ మరాఠీ మధ్య అది నిలిచింది. వాక్యంలో క్రియ చివరికి చేరింది. కొచ్చిలో ఇలాంటి భాషను ధారాళంగా మాట్లాడగల చివరి మనిషి 2010లో కన్నుమూశాక అది వినబడకుండా పోయింది. ఇలాంటి భాషల మీద 1880లలోనే ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరం నుంచి భాషాశాస్త్రవేత్త హ్యూగో శుఖార్ట్ ఇక్కడివాళ్లకు ఉత్తరాలు రాసి, జవాబులు తెప్పించుకుని వ్యాసాలు రాశాడు. ఆయన ఎవరినీ కళ్లారా చూడలేదు, చెవులారా వినలేదు. ఆ ఉత్తరాలు ఇప్పుడు అందుబాటులో ఉన్నాయి. జవాబు రాసిన పెద్దమనిషి తన ఊరి మాటను ఎంత 'శుద్ధి' చేసి పంపాడో ఆ కాగితాల మీదే పసిగట్టవచ్చు.

తెలుగువాళ్లకు ఇంకా దగ్గర పని ఒకటి ఉంది. గోవాకు చెందిన సెబాస్తియావ్ రొదొల్ఫో దల్గాదో 1913లో ఆసియా భాషల్లో చేరిన పోర్చుగీసు పదాలను సంకలించి ప్రచురించాడు. 1936లో దాని ఆంగ్లానువాదం బరోడాలో వచ్చింది. అందులో తెలుగు కూడా ఉంది. మేజా, అలమార, తువాలు, పీపా, మేస్త్రీ వంటి మాటలను మనం రోజూ వాడుతూనే ఉన్నాం. దల్గాదో వాటిని ఎక్కువగా నిఘంటువుల నుంచి తీసుకున్నాడు. అందుచేత ఏది తీరం నుంచి నేరుగా వచ్చింది, ఏది తమిళం మీదుగా వచ్చింది, ఏది దక్కనీ ఉర్దూతో వచ్చింది, సబ్బు వంటి మాట అరబ్బీ దారిన వచ్చిందా అన్నవి ఆ పట్టికను చూసినంత మాత్రాన తెలియవు. బ్రౌన్ నిఘంటువులకు ముందటి తెలుగు కాగితాల్లో, ఓడరేవుల లెక్కల్లో, కైఫియతుల్లో, యక్షగానాల్లో ఒక్కొక్క మాట తొలి ప్రయోగం ఎక్కడ దొరుకుతుందో వెతకాలి. పోర్చుగీసు, దక్కనీ, తమిళం కొంచెం కొంచెం వచ్చిన ముగ్గురు విద్యార్థులు కలిసి పది మాటలు పంచుకుంటే చాలు. పీపాతో మొదలుపెట్టండి, అది లెక్కల పుస్తకాల్లో దొరికే అవకాశం ఎక్కువ.