జీతం చీటీలో 1,475 రూపాయల కోత: న్యాయమా, భారమా?

(తెరపై: రేణిగుంట. షిఫ్టు ముగించుకుని బస్సు ఎక్కుతున్న ఉద్యోగులు.)

నమస్కారం. రేణిగుంటలోనో శ్రీసిటీలోనో పనిచేసే ఒక అబ్బాయి జీతం చీటీ చూసుకున్నాడనుకుందాం. అమ్మానాన్నల ఆరోగ్య బీమా కింద నెలకు 1,475 రూపాయల కోత ఉంది. నాన్నకు 62 ఏళ్లు, పదేళ్లుగా షుగర్. ఇద్దరికీ కలిపి బీమా మొత్తం 3 లక్షలు. ఈ కోత సమంజసమేనా?

(తెరపై: 1,475 × 12 = 17,700)

ఏడాదికి 17,700. ఇందులో ప్రీమియం 15,000, జీఎస్‌టీ 2,700. కుటుంబాలు సొంతంగా తీసుకునే ఆరోగ్య పాలసీలపై 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్‌టీ లేదు. కంపెనీ తీసుకునే గ్రూప్ పాలసీపై మాత్రం 18 శాతం అలాగే ఉంది. అందుకే బయటి పాలసీ ధరను 15,000తో కాదు, 17,700తో పోల్చాలి.

బయట ధర తక్కువ కనిపించినా తొందరపడకండి. అక్కడ నాన్న షుగర్‌కు సంబంధించిన చికిత్సకు మూడేళ్ల వరకు ఆగాల్సి రావచ్చు. చాలా గ్రూప్ పాలసీల్లో పాత జబ్బులకూ మొదటి రోజు నుంచే రక్షణ ఉంటుంది. అరవై దాటిన తల్లిదండ్రులున్న ఇంటికి ఇంతకన్నా విలువైన సౌకర్యం లేదని నేను గట్టిగా నమ్ముతాను.

(తెరపై: ఆసుపత్రి బిల్లు. గది అద్దె వరుస చుట్టూ ఎర్ర గీత.)

అసలు చిక్కు ఇక్కడ ఉంది. గది అద్దె పరిమితి బీమా మొత్తంలో ఒక శాతం అని రాసి ఉంటే, రోజుకు 3,000. మీరు 6,000 గదిలో నాలుగు రోజులు ఉన్నారు. తేడా 12,000 కట్టుకుంటే సరిపోతుందనుకుంటారు. సరిపోదు. గదిని బట్టి ఛార్జీలు మారే ఆసుపత్రుల్లో డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటర్ ఖర్చు కూడా అదే నిష్పత్తిలో సగానికి తగ్గించి ఇస్తారు. అవి 80,000 అయితే 40,000 మీరే కట్టాలి. మందులకు, పరీక్షలకు ఈ కోత వర్తించదు. అయినా మీ చేతి నుంచి 52,000 పోయింది. దాదాపు మూడేళ్లు కట్టిన ప్రీమియం! తల్లిదండ్రుల క్లెయిముల్లో 20 శాతం కో-పే (క్లెయిములో మనమే భరించాల్సిన వాటా) కూడా ఉంటే భారం ఇంకా పెరుగుతుంది.

మరొకటి. పెద్ద జబ్బంటే మన తిరుపతి, చిత్తూరు వాళ్లం వేలూరికో చెన్నైకో బయలుదేరుతాం. మీరు నిజంగా వెళ్లే ఆసుపత్రి నగదు రహిత జాబితాలో, అంటే బిల్లును బీమా సంస్థే నేరుగా ఆసుపత్రికి చెల్లించే జాబితాలో, ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి.

జీతం 21,000 లోపు ఉండి ఈఎస్‌ఐలో (ఉద్యోగుల ప్రభుత్వ బీమా పథకం) ఉన్నవారి వాటా 0.75 శాతమే. 20,000 జీతానికి 150 రూపాయలు. ఆధారపడిన తల్లిదండ్రులకూ అందులో వైద్యం ఉంది. దానిపై గ్రూప్ పాలసీ కోత కూడా వేస్తుంటే ఎందుకని అడగండి.

(తెరపై: పాలసీ పత్రం)

రెన్యువల్‌లో ప్రీమియం పెంచితే, నిరుడు కట్టిన ప్రీమియం ఎంత, చెల్లించిన క్లెయిములు ఎంత అని హెచ్‌ఆర్‌ను అడగండి. వంద రూపాయలకు నూటపది చెల్లించి ఉంటే పెంపునకు కారణం ఉంది. యాభయ్యే చెల్లించి ఉంటే బీమా సంస్థతో బేరమాడాల్సింది మీ కంపెనీయే.

ఇక ఆ అబ్బాయి సంగతి. షుగర్‌కు మొదటి రోజు నుంచే రక్షణ ఉండి, గది పరిమితీ కో-పే లేకపోతే 17,700 న్యాయమైన ధరే. ఆ రెండూ ఉంటే, ఈ ధరకు 3 లక్షల బీమా అని చెప్పడం సరికాదు.