చుక్కకు పేరు పెట్టాలంటే

శ్రోతలకు నమస్కారం.

మొన్న అనంతపురంలో మా మిద్దె మీద బడిపిల్లలకు చుక్కలు చూపిస్తున్నాను. పిల్లలకోడి ఎక్కడుందో, గొల్లకావడి ఎక్కడుందో చెప్తుంటే, తొమ్మిదో తరగతి పాప ఒకామె అడిగింది: "సార్, మనం కొత్తది కనిపెడితే దానికి మన ఊరి పేరు పెట్టొచ్చా?" పెట్టొచ్చమ్మా అన్నాను. నక్షత్రాలకు కాదు గానీ, గ్రహశకలాలకు పెట్టొచ్చు. కాకపోతే ఆ పేరు దాకా పోయే దారి చాలా పొడుగు.

అంగారకుడికీ గురుడికీ నడుమ లక్షల కొద్దీ రాళ్ళు సూర్యుడి చుట్టూ తిరుగుతున్నాయి. అవే గ్రహశకలాలు. మొట్టమొదట దొరికింది సిరీస్. ఇటలీలోని పలెర్మోలో 1801 జనవరి 1న పియాజీ అనే ఖగోళవేత్త దాన్ని చూశారు.

మన ఖండం నుంచి మొదటిది దొరికింది మద్రాసులో. అప్పట్లో కడప, కర్నూలు, బళ్ళారి జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి. మా అనంతపురం ఇంకా జిల్లా కాలేదు, బళ్ళారిలో భాగం. 1861లో నార్మన్ పోగ్సన్ అనే ఇంగ్లీషు ఖగోళవేత్త మద్రాసు వేధశాల బాధ్యత తీసుకున్నారు. ఆ ఏడాది ఏప్రిల్ 17 రాత్రి ఆయనకు అది కనబడింది. ఫోటోలు లేవు. దుర్భిణి, కన్ను, చేత్తో గీసిన చుక్కల పటం, అంతే. ఆకాశంలో ఒక ముక్కను తీసుకుని పటంతో పోల్చాలి, మళ్ళీ మర్నాడు రాత్రి అదే ముక్కను పోల్చాలి. నక్షత్రాలు ఒకదాని పక్కన ఒకటి ఎప్పటిలాగే ఉంటాయి. వాటి నడుమ ఒక్కటి మాత్రం కొద్దిగా జరిగి ఉంటుంది. ఆ కొద్దిపాటి జరుగుడును పట్టుకోవడానికి ఎన్ని రాత్రులు మేలుకోవాలో తలుచుకుంటే నాకు ఇప్పటికీ చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. దొరికిన వరసలో 67వదైన ఆ గ్రహశకలానికి ఆసియా అని పేరు పెట్టారు.

పోగ్సన్ దగ్గర పనిచేసిన చింతామణి రఘునాథాచారిని కూడా తలుచుకోవాలి. 1867లో వెలుగు హెచ్చుతగ్గులయ్యే ఒక నక్షత్రాన్ని ఆయన గుర్తించారు. మరుసటి ఏడు సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి ఒక బృందంతో వనపర్తికి వచ్చారు. కర్నూలు వాళ్ళకు వనపర్తి ఎంత దూరం, తుంగభద్ర, కృష్ణ దాటితే చాలు.

పోగ్సన్ తర్వాత మన దేశంలో ఈ వేట వందేళ్ళకు పైగా ఆగిపోయింది. తమిళనాడులోని కావలూరు వేధశాలలో మళ్ళీ మొదలైంది. అక్కడ ఆర్. రాజమోహన్ 1988 ఫిబ్రవరి 17న ఒక గ్రహశకలాన్ని కనుక్కున్నారు. ఇదీ పదిహేడో తారీకే! కొత్తది దొరికిన వెంటనే పేరు రాదు. ముందు తాత్కాలిక గుర్తు ఇస్తారు. దీనికి 1988 తర్వాత డీ అక్షరం వచ్చింది, అంటే ఫిబ్రవరి రెండో సగంలో దొరికిందని అర్థం. ఆ తర్వాత మళ్ళీ మళ్ళీ చూసి, దాని కక్ష్య లెక్క గట్టిగా తేలాకే శాశ్వత సంఖ్య ఇస్తారు. దీని సంఖ్య 4130. పేరు రామానుజన్, మన గణిత మేధావి పేరే.

సంఖ్య వచ్చాక పేరు సూచించే హక్కు కనుక్కున్నవాళ్ళకు పదేళ్ళు ఉంటుంది. ఆ పేరును అంతర్జాతీయ ఖగోళ సంఘం కమిటీ ఒప్పుకోవాలి. ఇంగ్లీషులో 16 అక్షరాలు మించకూడదు. రాజకీయ నాయకుల పేరైతే వాళ్ళు పోయి వందేళ్ళు కావాలి. వ్యాపార ప్రకటనలాంటి పేర్లు కుదరవు. తమ పేరు తామే పెట్టుకోవడం ఆచారం కాదు. ఇప్పటికి తెలిసిన గ్రహశకలాలు 13 లక్షలు దాటాయి, పేరున్నవి మాత్రం పాతిక వేలకు అటూ ఇటూ.

ఇదంతా చెప్పాక ఆ పాప వేళ్ళ మీద లెక్కపెట్టింది. "అనంతపురం, పదకొండు అక్షరాలే సార్. సరిపోతుంది" అంది. పక్కనున్న పిల్లవాడు వేమన అన్నాడు. అదైతే ఆరే.

టెలిస్కోపు తీసిన ఫోటోలను బడిపిల్లలకు పంపి, వాళ్ళతో గ్రహశకలాలను వెతికించే కార్యక్రమాలు ఇప్పుడున్నాయి. ఒకే చోటును కొన్ని నిమిషాల తేడాతో తీసిన నాలుగు ఫోటోలు వస్తాయి. వాటిని ఒకదాని వెంట ఒకటి తిప్పి చూస్తూ, కదిలే చుక్కను పట్టుకోవాలి. పోగ్సన్ పటంతో చేసిన పనే ఇది. వచ్చే నెల మా బడి కంప్యూటర్ గదిలో ఆ ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెడతాను.

నమస్కారం.