ఓడ చవక, విమానం ఖరీదు... అంతేనా?

నమస్తే అండీ. ఓడ చవక, విమానం ఖరీదు. ఎవరిని అడిగినా ఈ మాటే చెప్తారు. మరి చవకగా ఓడ ఉండగా, విమానాల్లో అంత సరుకు ఎందుకు ఎగురుతోంది? ప్రపంచ వ్యాపారంలో బరువు లెక్కన విమానాల వాటా ఒక్క శాతం కూడా ఉండదు. విలువ లెక్కన చూస్తే మాత్రం దాదాపు మూడో వంతు!

ఓ చిన్న లెక్క వేద్దాం. కావాలంటే వీడియో ఆపి కాగితం తెచ్చుకోండి. ఒకాయన లక్ష డాలర్ల ఫోన్లు పంపాలి. ఇంకొకాయన లక్ష డాలర్ల టైల్స్ పంపాలి. ఇద్దరూ ఏడాదికి 12 శాతం వడ్డీకి అప్పు తెచ్చారు. విమానమైతే ఓడ కన్నా 35 రోజులు ముందు చేరుతుందనుకుందాం. ఆ 35 రోజుల వడ్డీ సుమారు 1,150 డాలర్లు. ఇద్దరికీ అంతే.

ఇప్పుడు బరువు చూడండి. ఫోన్ 500 డాలర్లు, డబ్బాతో కలిపి 400 గ్రాములు అనుకుంటే, 200 ఫోన్లు కలిపి 80 కిలోలే. అంటే ఒక్కో కిలోకి 14 డాలర్ల పైనే వడ్డీ మిగిలింది. పెద్ద రూట్లలో మామూలు రోజుల్లో విమాన ఛార్జీ కిలోకి కొద్ది డాలర్లే. వడ్డీ డబ్బులతోనే టికెట్ వచ్చేసింది! టైల్స్ సంగతి? కిలో అర డాలర్ అనుకున్నా 200 టన్నులు. రెండు బోయింగ్ 747 కార్గో విమానాలు కావాలి. మిగిలే వడ్డీ చూస్తే కిలోకి అర సెంటు చిల్లర. ఆయన నోరు మూసుకుని ఓడ ఎక్కించాల్సిందే.

సరే, విమానమే అనుకున్నారు. కొత్తగా ఎగుమతుల్లోకి దిగినవాళ్లు బోర్లా పడేది ఇక్కడే. 60, 50, 40 సెంటీమీటర్ల అట్టపెట్టె, నిండా దిండ్లు. కాటా మీద 6 కిలోలు. బిల్లు మాత్రం 20 కిలోలకు వస్తుంది! పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి 6,000తో భాగిస్తారు. అదే వాల్యూమెట్రిక్ వెయిట్. అదీ కాటా బరువూ పోల్చి, ఏది ఎక్కువైతే దానికే ఛార్జీ. కొరియర్లలో 5,000తో భాగించేవాళ్లూ ఉన్నారు, అప్పుడు 24 కిలోలు. ఓడలోనూ చోటుకు లెక్క ఉంది. కంటైనర్‌లో కొంత చోటు తీసుకుంటే, మామూలుగా ఒక ఘనపు మీటరును ఒక టన్నుగా లెక్కిస్తారు. విమానంలో అదే ఘనపు మీటరు 167 కిలోలు. కానీ ఓడలో ఒక ఘనపు మీటరుకు అయ్యే ఛార్జీ విమానం కన్నా చాలా తక్కువ. అందుకే తేలికైన, ఉబ్బెత్తు సరుకుకు ఓడే దిక్కు.

ఓడ ఇంత చవక కావడానికి ఓ ముఖ్య కారణం కంటైనర్. 1956 ఏప్రిల్ 26న ఐడియల్ ఎక్స్ అనే ఓడ 58 కంటైనర్లతో అమెరికాలోని నెవార్క్ నుంచి హ్యూస్టన్‌కు బయల్దేరింది. ఇప్పటి పెద్ద ఓడల్లో ఇరవై అడుగుల పెట్టెలు 24,000 దాకా పడతాయి.

కానీ ఓడలో మీకు తెలియని ఖర్చు ఒకటి పొంచి ఉంటుంది. 2021 మార్చిలో ఎవర్ గివెన్ అనే కంటైనర్ ఓడ సూయజ్ కాలువలో ఆరు రోజులు అడ్డం పడింది గుర్తుందా? అందరూ ఆ ఆరు రోజులే చూశారు. బయటపడ్డాక కూడా పరిహారం గొడవతో ఆ ఓడను ఈజిప్టులో జులై దాకా ఆపేశారు, సరుకంతా అందులోనే. పైగా ఓడ యజమానులు జనరల్ యావరేజ్ ప్రకటించారు. అంటే ఓడను కాపాడిన ఖర్చును ఓడ యజమానితో పాటు సరుకు యజమానులందరూ తలా కాస్త పంచుకోవాలి. మీ పెట్టెకు గీత పడకపోయినా సరే! దానికి గ్యారంటీ ఇస్తేనే సరుకు చేతికిస్తారు. బీమా లేనివాడు సొంత జేబులోంచి తీయాలి.

విమానం మాత్రం తక్కువ తిన్నదా? విమానాల్లో వెళ్లే సరుకులో దాదాపు సగం ప్రయాణికుల విమానాల పొట్టలోనే వెళ్తుంది. 2020లో ప్రయాణాలు ఆగాయి, ఆ చోటూ మాయమైంది, రేట్లు మండిపోయాయి.

అందుకే అనుభవం ఉన్నవాళ్లు సరుకును రెండుగా చీలుస్తారు. కొత్త మోడల్ విడుదల రోజుకు అందాల్సిన మొదటి లాట్ విమానంలో వెళ్తుంది. అది అమ్ముడయ్యేలోపు మిగతాది ఓడలో వస్తూ ఉంటుంది. ఓడ పది రోజులు ఆలస్యమైనా షాపు ఖాళీ కాకుండా ఉండాలంటే మొదటి లాట్ ఎంత ఉండాలో, అదే వాళ్లు కూర్చుని వేసుకునే లెక్క.