కబడ్డీ మానేసిన అమ్మాయి లాన్ బౌల్స్‌లో రాణించగలదా?

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. పచ్చిక మీద బంతిని దొర్లించి గురికి దగ్గరగా ఆపే ఆట లాన్ బౌల్స్. దాన్ని వృత్తిగా ఎంచుకోవాలనుకునేవారి సందేహాలకు ఈ రోజు ఆ క్రీడలో శిక్షకురాలైన మేడమ్ గారు సమాధానాలు చెబుతారు. వరంగల్ నుంచి ఒకరు లైన్లో ఉన్నారు. చెప్పండి సార్.

శ్రోత: నమస్కారం మేడమ్. మా అమ్మాయికి 24 ఏళ్లు. యూనివర్సిటీ జట్టులో కబడ్డీ ఆడేది. మోకాలికి ఆపరేషన్ అయ్యాక డాక్టరు గారు కబడ్డీ వద్దన్నారు. ఇప్పుడు లాన్ బౌల్స్ నేర్చుకుని దేశం తరఫున ఆడతానంటోంది. ఈ వయసులో అది సాధ్యమేనా? అది రిటైరైనవాళ్ల కాలక్షేపమని బంధువులు నిరుత్సాహపరుస్తున్నారు.

శిక్షకురాలు: సాధ్యమేనండీ. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో మహిళల ఫోర్స్ (నలుగురు జట్టుగా ఆడే) విభాగంలో మనకు స్వర్ణం తెచ్చిన నలుగురినే చూడండి. లవ్లీ చౌబే పరుగు పందేల నుంచి వచ్చారు, నయన్‌మోని సైకియా గాయం కారణంగా వెయిట్ లిఫ్టింగ్ వదిలి వచ్చారు, స్కిప్‌గా జట్టును నడిపించిన రూపా రాణి తిర్కీ మీ అమ్మాయిలాగే కబడ్డీ ఆడినవారు. దక్షిణాఫ్రికాతో జరిగిన ఫైనల్లో 8-2తో ముందున్న మనవాళ్లు ఒక దశలో 8-10తో వెనుకబడి, ఆ తర్వాత ప్రత్యర్థికి ఒక్క పాయింటు కూడా ఇవ్వకుండా 17-10తో గెలిచారు. అలాంటి ఒత్తిడిలో చెయ్యి వణకకుండా బౌల్‌ను, అంటే ఆట బంతిని, విడవడం కాలక్షేపం ఎలా అవుతుంది?

అయితే ఒక జాగ్రత్త చెప్పాలి. ఒక అడుగు ముందుకు వేసి, మోకాలు బాగా వంచి, దాదాపు నేలను తాకేటట్టు బౌల్‌ను విడవాలి. సాధన చేసే రోజుల్లో ఈ వంగడం వందలసార్లు చేయాల్సి వస్తుంది కాబట్టి, ఆపరేషన్ చేసిన డాక్టరు గారికి ఈ భంగిమ చూపించి, ఆయన సరేనన్న తర్వాతే మొదలుపెట్టించండి.

శ్రోత: మరి జీవనోపాధి సంగతి ఏమిటి మేడమ్?

శిక్షకురాలు: ఉద్యోగాన్ని ముందు చూసుకోమనే నా సలహా. లాన్ బౌల్స్ ఒలింపిక్ క్రీడ కాదు. నాలుగేళ్లకోసారి వచ్చే కామన్వెల్త్ క్రీడలే దీనికి అతిపెద్ద వేదిక. మన దేశంలో ఈ ఆటతోనే ఇల్లు గడుస్తుందని చెప్పి మీకు లేని ఆశ కల్పించలేను. స్వర్ణం గెలిచే నాటికి లవ్లీ జార్ఖండ్ పోలీసు శాఖలో కానిస్టేబుల్, జట్టులో నాలుగో క్రీడాకారిణి పింకీ ఢిల్లీలో వ్యాయామ ఉపాధ్యాయిని. నయన్‌మోనికి 2022కు, పింకీకి 2023కు అర్జున అవార్డులు వచ్చాయి. గౌరవం దక్కింది, కానీ అన్నం పెట్టింది ఉద్యోగమే. మీ అమ్మాయి పోలీసు నియామకాలకో, వ్యాయామ విద్య కోర్సుకో సిద్ధమవుతూ ఆట నేర్చుకోవడం మంచిది. 2010 క్రీడల కోసం ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో గ్రీన్, అంటే ఈ ఆట ఆడే పచ్చిక మైదానం, వేశారు, రాంచీ నామ్‌కుమ్‌లోనూ ఒకటుంది. సెలవుల్లో కొన్నాళ్లు అక్కడ ఉండి అసలైన గ్రీన్ మీద ఆడి చూస్తే, ఈ ఆట తనకు పడుతుందో లేదో తనకే తెలుస్తుంది.

వ్యాఖ్యాత: రాజమండ్రి నుంచి ఒక విద్యార్థి. అడుగు బాబూ.

శ్రోత: మేడమ్, మొదట ఏ షాట్ నేర్చుకోవాలి?

శిక్షకురాలు: డ్రా షాట్, నాన్నా. జాక్ అనే చిన్న తెల్ల బంతికి వీలైనంత దగ్గరగా నీ బౌల్‌ను ఆపడమే ఆ షాట్. బౌల్‌కు ఒక వైపు మొగ్గు ఉంటుంది, వేగం తగ్గేకొద్దీ అది ఆ వైపుకే ఎక్కువగా వంపు తిరుగుతుంది. అందుచేత చూపు జాక్ మీద కాకుండా, దానికి పక్కగా గ్రీన్ మీద నువ్వు ఎంచుకున్న గీత మీద ఉండాలి. కనీసం 23 మీటర్ల దూరంలో ఉన్న జాక్ దగ్గర బౌల్ ఆగాలంటే, ఆ రోజు గడ్డి తడిగా ఉందో ఎండిందో నీ చేతికి తెలియాలి. ఎదుటివారి బౌళ్లను చెదరగొట్టే డ్రైవ్ షాట్ చూడటానికి బాగుంటుంది గానీ, డ్రా కుదిరేదాకా దాని జోలికి వెళ్లకు.