స్ట్రెచర్ కదలడానికి ముందు

శ్రోతలకు నమస్కారం.

ఐసీయూ తలుపు దగ్గర ఎదురుచూసే బంధువులు నన్ను ఎక్కువసార్లు అడిగే ప్రశ్న ఒకటుంది. "అంబులెన్సు వచ్చి ముప్పావుగంట దాటిందండీ, ఇంకా బయల్దేరరేం?" అడిగేవారి గొంతులో కోపం కంటే భయమే ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఆ ప్రశ్న నన్నెప్పుడూ నొప్పించలేదు. అయితే ఆ సమయంలో నిలబడి వివరంగా జవాబు చెప్పే వీలు నాకుండదు. ఆ జవాబునే ఈ రోజు మీ ముందు ఉంచుతున్నాను.

పరిస్థితి విషమంగా ఉన్న రోగులను ఒక ఆసుపత్రి నుంచి మరొక ఆసుపత్రికి చేర్చడం నా పని. నేను డాక్టరును కాను. చాలాకాలం ఐసీయూలో నర్సుగా పనిచేసి, ఆ తరువాత ఈ తరలింపు కోసమే ప్రత్యేకంగా శిక్షణ పొందాను. మెదడుకు శస్త్రచికిత్స చేసే నిపుణులు ఉన్నచోట లేరనో, గుండెకో కాలిన గాయాలకో ప్రత్యేకమైన విభాగం అవసరమనో, ఒక్కోసారి కేవలం ఐసీయూలో పడక ఖాళీ లేదనో రోగిని తరలించవలసి వస్తుంది. కారణం ఏదైనా ప్రయాణం వల్ల రోగానికి వైద్యం జరగదు. జరిగితే కీడే జరుగుతుంది. ఆ కీడును వీలైనంత తగ్గించడానికే మమ్మల్ని పిలుస్తారు.

ఐసీయూలో ఉన్న రోగి ఒక విధంగా గోడను ఆధారం చేసుకుని బతుకుతున్నాడని చెప్పవచ్చు. ఆక్సిజన్ గోడలోంచి వస్తుంది. గొంతులో చేరిన కఫాన్ని లాగే సక్షన్ గోడలోంచే వస్తుంది. వెంటిలేటరుకూ పంపులకూ కరెంటు కూడా అక్కడినుంచే. ఇవేవీ అయిపోతాయేమోనన్న ఆలోచన పడక పక్కన నిలబడినవారికి రానే రాదు. మేము చేసే మొదటి పని ఆ రోగిని గోడ నుంచి విడదీసి, వెంట మోసుకుపోగలిగిన సిలిండర్ల మీదికీ బ్యాటరీల మీదికీ మార్చడం. ఆ మార్పు పూర్తయ్యేదాకా స్ట్రెచర్ కదలదు.

ఆక్సిజన్ సంగతే చూడండి. రోగికి నిమిషానికి ఎనిమిది లీటర్ల గాలి అవసరమనీ, అదంతా స్వచ్ఛమైన ఆక్సిజనే కావాలనీ అనుకుందాం. కొన్ని రకాల వెంటిలేటర్లు తాము నడవడానికే నిమిషానికి ఒక లీటరు వాడుకుంటాయి. మొత్తం తొమ్మిది లీటర్లు. పడక నుంచి పడకకు గంట పడుతుందనుకుంటే 540 లీటర్లు కావాలి. మా నియమం ప్రకారం దానికి రెట్టింపు, అంటే 1080 లీటర్లు, చేతిలో ఉంటేనే బయలుదేరాలి. పది లీటర్ల నీరు పట్టే సిలిండరును 150 బార్ల ఒత్తిడికి నింపితే అందులో సుమారు 1500 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. మీటరు ముల్లు సగం దగ్గర, 75 మీద ఉందనుకోండి. చూసినవారు "సగం ఉంది కదా, గంట ప్రయాణానికి చాలదా" అంటారు. ఉన్నది 750 లీటర్లు. లెక్క ప్రకారం గంటకు సరిపోతుంది గానీ దారిలో చెట్టు కూలి ఉంటే సరిపోదు, లిఫ్టు పనిచేయకపోతే సరిపోదు, అక్కడికి చేరాక ఇంకా పడక సిద్ధం కాలేదంటే అసలే సరిపోదు. గంట అన్నప్పుడు రోడ్డు మీద గడిపే సమయాన్ని మాత్రమే లెక్కపెట్టడం ఈ పనిలో కొత్తగా చేరినవారు తరచూ చేసే పొరపాటు.

అంతకంటే పెద్ద పొరపాటు నేనే చేశాను. తొలి ఏడాదిలో ఒక రాత్రి, రోగిని అంబులెన్సులోకి ఎక్కించి, వెంటిలేటరు గొట్టాన్ని చిన్న సిలిండరు నుంచి తీసి వాహనం గోడకున్న ఆక్సిజన్ సాకెట్‌లో పెట్టాలనుకున్నాను. సరిగ్గా అదే సమయంలో ఎవరో ఏదో అడిగారు, జవాబు చెప్పాను, గొట్టం మార్చేశాననే అనుకున్నాను. ఇరవై నిమిషాల తరువాత వెంటిలేటరు అలారం మోగింది. వాహనంలో రెండు పెద్ద సిలిండర్లు నిండుగా ఉండగా, స్ట్రెచర్ మీది చిన్న సిలిండరు ఖాళీ అయిపోయింది. నాతో ఉన్న డాక్టరు ఒక్క మాటా అనకుండా అంబు బ్యాగు అందుకుని చేత్తో ఊపిరి అందించడం మొదలుపెట్టారు, నేను గొట్టం మార్చాను. అంతా కలిపి ఒక నిమిషం కూడా పట్టలేదు, రోగికి ఏమీ కాలేదు. కానీ ఆ నిమిషం తరువాత నాకొక అలవాటు పట్టుకుంది. గొట్టాన్ని సాకెట్‌లో పెట్టాక గట్టిగా ఒకసారి లాగి చూస్తాను, ఊడి రాకపోతేనే నమ్ముతాను. పక్కనున్నవారు నవ్వినా సరే.

ఆ అంబు బ్యాగు గురించి ఒక మాట చెప్పాలి. 1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో పోలియో విజృంభించి, ఊపిరి తీసే కండరాలు చచ్చుబడిన రోగులతో ఆసుపత్రి నిండిపోయింది. అప్పుడు బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తువైద్యుడు గొంతు దగ్గర రంధ్రం చేసి గొట్టం పెట్టి, రబ్బరు సంచిని చేత్తో నొక్కి ఊపిరి ఊదే పద్ధతిని అమలులోకి తెచ్చారు. వైద్యవిద్యార్థులు వంతులవారీగా, రాత్రింబవళ్లు ఆ సంచులు నొక్కారు. ఆ సంచి నిండాలంటే మాత్రం సిలిండరు తప్పనిసరి. 1956లో అదే దేశంలో హెన్నింగ్ రూబెన్, హోల్గర్ హెస్సె కలిసి తయారుచేసిన సంచి, నొక్కి వదిలితే తనంతట తానే చుట్టూ ఉన్న గాలితో నిండుతుంది. అదే అంబు బ్యాగు. ఆక్సిజన్ అయిపోయినా, కరెంటు పోయినా పనిచేస్తుంది. మా దగ్గరున్న యంత్రాల్లో అన్నిటికన్నా చవకైనదీ, నేను ఎప్పుడూ రోగి తల పక్కనే, చేయి చాపితే అందేచోట పెట్టుకునేదీ అదే.

ఇక మందుల విషయం. బీపీ పడిపోకుండా నిలబెట్టే నోర్‌అడ్రినలిన్ వంటి మందులు సిరంజి పంపు ద్వారా చుక్కలు చుక్కలుగా లోపలికి వెళుతుంటాయి. ఆ మందు ఆగితే దాని ప్రభావం కొద్ది నిమిషాల్లోనే తగ్గిపోయి, దానితోపాటు బీపీ కూడా పడిపోతుంది. పంపు గంటకు పది మిల్లీలీటర్ల వేగంతో నడుస్తూ, సిరంజిలో ఎనిమిది మిల్లీలీటర్లు మిగిలి ఉంటే, అది నలభై ఎనిమిది నిమిషాల్లో, అంటే బహుశా రోడ్డు మధ్యలో అయిపోతుంది. అందుకే సగం మందున్న సిరంజినైనా తీసేసి, నిండు సిరంజి పెట్టి, బీపీ నిలకడగా ఉందని చూసుకున్నాకే కదులుతాం. రోగిని మా వెంటిలేటరు మీద కొంతసేపు ఉంచి, రక్తం తీసి అందులోని ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ పాళ్లు కూడా చూస్తాం. మంచి యంత్రం మీద బాగున్న మనిషి మా చిన్న యంత్రం మీద కూడా బాగుంటాడన్న హామీ ఏమీ లేదు. ఆ తేడా ఏదో గోడ పక్కన ఉండగానే బయటపడితే మేలు. బంధువులకు మేము ఊరికే నిలబడి మానిటరు చూస్తున్నట్టు కనిపించేది ఈ సమయంలోనే.

పడక మీద నుంచి స్ట్రెచర్ మీదికి మార్చడం అరనిమిషం పని. నాకు మాత్రం మొత్తం ప్రయాణంలో అన్నిటికన్నా భయం వేసేది ఆ అరనిమిషమే. నోటిలోంచి ఊపిరితిత్తుల దారిలోకి వేసిన శ్వాసగొట్టం పెదవి దగ్గర ఎన్ని సెంటీమీటర్ల గీత మీద ఉందో ముందుగా చూసి పైకి చదువుతాను. ఇరవై రెండు అనుకోండి, వింటున్న ప్రతివారికీ అది ఇరవై రెండు. తల దగ్గర నిలబడినవారే గొట్టాన్ని వేళ్లతో పట్టుకుని ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడతారు, మిగిలినవారెవరూ సొంతంగా కదపకూడదు, వారు డాక్టర్లయినా సరే. మార్చిన మరుక్షణం మళ్లీ ఆ గీత చూస్తాం, మానిటరు మీద వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ గీత లేస్తూ పడుతూ ఉందా అని చూస్తాం. ఆ గీత చదునుగా మారితే గొట్టం ఊపిరితిత్తుల దారిలో లేదనే ముందు అనుమానించాలి, యంత్రం పాడైందేమోనన్న ఆలోచన తరువాత.

దారిలో వేగం గురించి చాలామందికి ఒక అపోహ ఉంది. రోగి తల వాహనం ముందువైపు ఉండేలా పడుకుంటాడు. వాహనం ఒక్కసారిగా వేగం అందుకుంటే రక్తం కాళ్లవైపు జరుగుతుంది, రక్తం బాగా కోల్పోయిన మనిషికి అప్పుడు బీపీ పడిపోవచ్చు. గట్టిగా బ్రేకు వేస్తే రక్తం తలవైపు వస్తుంది, మెదడుకు దెబ్బ తగిలిన మనిషికి పుర్రెలోపల ఒత్తిడి పెరుగుతుంది. మనం లేచి నిలబడినప్పుడు రక్తనాళాలు వెంటనే ముడుచుకుని సర్దుకుంటాయి కదా, మత్తుమందు మీద ఉన్న శరీరం అలా సర్దుకోలేదు. అందువల్ల నేను డ్రైవరును కోరేది వేగం కాదు, కుదుపులేని నడక. విమానంలో అయితే చిక్కులు వేరు. క్యాబిన్‌లో ఒత్తిడి దాదాపు ఎనిమిది వేల అడుగుల ఎత్తులో ఉండేంతకు తగ్గినప్పుడు శరీరంలో ఎక్కడైనా చిక్కుకున్న గాలి సుమారు మూడో వంతు ఉబ్బుతుంది, శ్వాసగొట్టం చుట్టూ ఉండే బుడగ కూడా అలాగే ఉబ్బి గొంతును నొక్కుతుంది.

ఇదంతా విని, ఎప్పుడూ ఇంత నిదానమేనా అని మీరడగవచ్చు. కాదు. తలకు దెబ్బ తగిలి పుర్రెలోపల రక్తం గూడుకట్టి, ఒక కంటిపాప పెద్దదవుతూ ఉన్న మనిషికి కావలసింది శస్త్రచికిత్స. పడక పక్కన మేము చేసే ఏర్పాట్లన్నీ అతనికి నష్టమే. ఊపిరి దారి, ఆక్సిజన్, బీపీ చూసుకుని మిగిలినవి దారిలో చేసుకుంటాం. ఎవరి దగ్గర నిలబడాలి, ఎవరితో పరుగెత్తాలి అన్నది తేల్చుకోవడమే ఈ వృత్తిలో కష్టమైన భాగం, దాన్ని ఏ చెక్‌లిస్టూ నా బదులు తేల్చిపెట్టదు.

బంధువులకు ఒక విన్నపం. అంబులెన్సు వెనకే వాహనంలో వెంటపడవద్దు. ఎర్రలైటు దాటే మినహాయింపు మాకుంది గానీ మీకు లేదు. ఆ సమయంలో మాకు మీరు ఇవ్వగలిగినది సమాచారం. రోగి రోజూ వాడే మందుల చీటీ, పడని మందు ఏదైనా ఉంటే దాని పేరు, ముఖ్యంగా రక్తం పలుచబరిచే మాత్ర చివరిసారి ఎప్పుడు వేసుకున్నారన్నది చెప్పండి. ఆ ఒక్క సంగతి తెలియక అవతల శస్త్రచికిత్స ఆగిన సందర్భం నేను చూశాను.

అవతలి ఐసీయూలో మేము చేరగానే అందరూ ఒకేసారి చేతులు వేస్తారు. అది మంచి మనసుతోనే. నేను మాత్రం ఒక్క నిమిషం ఎవరూ ముట్టుకోవద్దని అడిగి, పేరు, వయసు, ఏం జరిగింది, ఇప్పుడు ఏ మందులు ఎంత వేగంతో వెళుతున్నాయి, గొట్టం ఎన్నో గీత మీద ఉంది అన్నవన్నీ పైకి చెబుతాను. ఆ తరువాత లెక్కపెట్టి పడక మీదికి మారుస్తాం. అక్కడి నర్సు గొట్టం చూసి "ఇరవై రెండు" అంటారు. కొత్త గోడకు ఆక్సిజన్ గొట్టం తగిలించి, ఒకసారి గట్టిగా లాగి చూసి, అప్పుడు మా సిలిండరు ఆపేస్తాను.

నమస్కారం.