పేరు తీసేశారా? ముందు ఉత్తర్వు కాపీ అడగండి

అందరికీ నమస్కారం.

ఓటరు జాబితాలో పేరు పోయిందని మన దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది చేతిలో ఓటరు కార్డు పట్టుకుని వస్తారు. కార్డు ఉన్నంత మాత్రాన ఓటు ఉన్నట్టు కాదు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 62వ సెక్షన్ ప్రకారం జాబితాలో పేరుంటేనే ఓటు. కాబట్టి కేసు రాసే ముందు అసలు ఏం జరిగిందో తేల్చుకోండి. పేరు జాబితాలోనే ఉండి, "లేరు, మారారు, చనిపోయారు" అనే విడి జాబితాకు మాత్రమే ఎక్కి ఉండొచ్చు. అలాంటప్పుడు కోర్టు దాకా పోనక్కర్లేదు. పోలింగ్ రోజు గుర్తింపు పత్రం చూపించి, ప్రిసైడింగ్ అధికారి పరిశీలన పూర్తయ్యాక ఓటు వేయొచ్చు. ఫారం 7 (పేరు తీయమనే దరఖాస్తు) మీదో, అధికారి తనంతట తానో తీసేసి ఉంటే దారి వేరు. సవరణ జరిగేటప్పుడు ముసాయిదాలోకే పేరు ఎక్కకపోతే అది ఇంకో దారి. జనం మాత్రం మూడింటికీ "నా ఓటు తీసేశారు" అనే అంటారు.

తొలగింపు సంగతి చూద్దాం. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం (ఇకపై సెక్షన్ అంటే ఈ చట్టానిదే) 22వ సెక్షన్ ఈఆర్వోకు, అంటే ఓటర్ల నమోదు అధికారికి, పేరు తీసే అధికారం ఇచ్చింది. అక్కడ నివాసం లేరని, అర్హత లేదని తీసేటప్పుడు ఆ మనిషి చెప్పుకునే అవకాశం ఇచ్చి తీరాలని ఆ సెక్షనే అంటోంది. 1995లో లాల్ బాబు హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో మాట చేర్చింది. ఒకసారి జాబితాకెక్కిన పేరును చట్టప్రకారమే ఎక్కించారని ముందు అనుకోవాలి. తీసే ముందు ఏ ఆధారంతో అనుమానిస్తున్నారో ఆ మనిషికి చెప్పాలి. ఆయన చూపే సాక్ష్యం చూడాలి. పోలీసు నివేదిక ఒక్కటీ పెట్టుకుని పేరు కొట్టేయడం కుదరదు.

అందుకే మొదటి పని ఫైలు తెప్పించుకోవడం. ఆర్టీఐ కింద నాలుగు కాగితాలు అడగండి: ఫారం 7 ఉంటే దాని కాపీ, బీఎల్వో (బూత్ స్థాయి అధికారి) విచారణ నివేదిక, నోటీసు ఇచ్చినట్టు రుజువు, తొలగింపు ఉత్తర్వు. నివేదికలో "విచారించగా సదరు చిరునామాలో లేరు" అని ఒక్క వాక్యమే ఉంటే దాన్ని పట్టుకోండి. ఏ తేదీన వెళ్లారు, ఎవరిని అడిగారు, ఎవరు సంతకం పెట్టారు? ఇవేవీ లేని నివేదిక అప్పీల్లో నిలవడం కష్టం.

ఫారం 7 ఇచ్చే వ్యక్తి అదే నియోజకవర్గ ఓటరై ఉండాలి. ఆ పేరుతో దాన్ని నిజంగా ఆయనే ఇచ్చారా అన్నది కూడా చూడాలి. మన పొరుగున కలబురగి జిల్లా ఆళందలో 2023 ఎన్నికల ముందు ఆన్‌లైన్‌లో 6,018 తొలగింపు దరఖాస్తులు వచ్చాయి. విచారిస్తే సరైనవి 24 మాత్రమే. చివరికి ఈఆర్వోనే పోలీసు కేసు పెట్టాల్సి వచ్చింది. తప్పుడు ప్రకటనకు 31వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు ఉంది.

అప్పీలు గడువు చిన్నది. ఈఆర్వో ఉత్తర్వు మీద 15 రోజుల్లో జిల్లా మేజిస్ట్రేట్‌కు, ఆయన ఉత్తర్వు మీద 30 రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి వెళ్లాలి. సంగతి తెలిసేసరికే ఆ 15 రోజులు దాటిపోవడం మామూలే. కాబట్టి ఎప్పుడు, ఎలా తెలిసిందో రాసి, ఆలస్యాన్ని మన్నించమని విడిగా దరఖాస్తు జతచేయండి. సవరణ కాలంలో విచారణకు పిలిస్తే మాత్రం మానేయొద్దు. ఈఆర్వో ముందు చెప్పుకునే హక్కును వాడుకోని వారికి అప్పీలు లేదని 1960 ఓటర్ల నమోదు నిబంధనల్లో ఉంది. సివిల్ కోర్టులో దావా వేద్దామంటే 30వ సెక్షన్ అడ్డం.

ముసాయిదాలోనే పేరు లేని వారి చిక్కు ఇంకా పెద్దది. అప్పీలు చేయడానికి అక్కడ ఉత్తర్వంటూ ఉండదు. 2025లో బిహార్‌లో సుమారు 65 లక్షల పేర్లు ముసాయిదాకు ఎక్కలేదు. ఎవరి పేరు ఎందుకు లేదో కారణంతో సహా బూత్ వారీగా ప్రకటించమని ఆగస్టు 14న సుప్రీంకోర్టు ఆదేశించాకే జనానికి తెలిసింది. ఇలాంటివారిని ఫారం 6 (పేరు చేర్చమనే దరఖాస్తు) ఇవ్వమంటారు. అందులోనేమో మొదటిసారి దరఖాస్తు చేస్తున్నానని ప్రకటన ఉంటుంది! పాత ఓటరు దాని కింద ఊరికే సంతకం పెడితే, లాల్ బాబు తీర్పు ఇచ్చిన బలాన్ని తానే వదులుకున్నట్టవుతుందని నా అభిప్రాయం. పాత జాబితాలోని భాగం సంఖ్య, వరుస సంఖ్య రాసి, "నేను పాత ఓటరునే, నోటీసు లేకుండా నా పేరు పోయింది" అని ఒక లేఖ జతచేసి, రసీదు తీసుకోండి.

హైకోర్టుకు ఎప్పుడు వెళ్లాలి? అప్పీలు దారి ఉందిగా అని కోర్టు అడుగుతుంది. నోటీసే ఇవ్వలేదన్నది మీ జవాబు కావాలి. సహజ న్యాయానికి భంగం కలిగినప్పుడు ప్రత్యామ్నాయ మార్గం ఉన్నా రిట్ వేయొచ్చు. మీరు అక్కడే నివాసం ఉంటున్నారా లేదా అన్నది రిట్‌లో సాధారణంగా తేల్చరు. అందుకే "పేరు చేర్చండి" అని మాత్రమే అడగకండి. ఫలానా తేదీన ఇచ్చిన దరఖాస్తును నామినేషన్ల గడువుకు ముందే విచారించి, కారణాలు రాసి తేల్చమని కూడా అడగండి. పాత జాబితా పేజీ, తొలగింపుల అనుబంధం, నివాస రుజువు, రసీదు జతచేయండి.

ఆ గడువు మాత్రం గోడ లాంటిది. నామినేషన్ల చివరి తేదీ తర్వాత చేర్పులూ తొలగింపులూ చేయకూడదని 23వ సెక్షన్. ఆ రోజు మధ్యాహ్నం 3 గంటలు దాటాక చేర్చిన పేర్లు చెల్లవని 1977లో నరేంద్ర ఖేని కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అభ్యంతరాలకు ఏడు రోజులు వదలాలి కనుక, చివరి తేదీకి పది రోజుల ముందే దరఖాస్తు పడాలి. 2018లో తెలంగాణలో చాలామందికి పేరు లేదని పోలింగ్ రోజే తెలిసింది. ప్రధాన ఎన్నికల అధికారి క్షమాపణ చెప్పారు. ఆ ఓట్లు మాత్రం ఆ ఎన్నికకు తిరిగి రాలేదు.

ఎన్నికను ఎన్నికల పిటిషన్‌తో తప్ప కోర్టులో ప్రశ్నించకూడదనే రాజ్యాంగ అధికరణ 329(బి)లోని "ఎన్నిక"లోకి జాబితా తయారీ రాదని 1985లో లక్ష్మీ చరణ్ సేన్ తీర్పు చెప్పింది. కాబట్టి ముందుగా వెళితే కోర్టు తలుపు మూసి ఉండదు. అయితే ఎన్నికలు ఆగిపోయే ఉత్తర్వులు ఇవ్వొద్దని హైకోర్టులకు చెప్పిందీ ఆ తీర్పే. పోలింగ్ అయ్యాక ఎన్నికల పిటిషన్ వేద్దామన్నా, ఓటరు హోదాలో వేయాలంటే ఆ ఎన్నికలో ఓటు హక్కు ఉన్నవారై ఉండాలి. పేరు పోయినవారికి అదీ లేదు. విధి తప్పిన అధికారి మీద 32వ సెక్షన్ ఉంది, కనీసం మూడు నెలల జైలు. కానీ ఎన్నికల సంఘమో ప్రధాన ఎన్నికల అధికారో అనుమతించిన ఫిర్యాదు లేకుండా ఏ కోర్టూ దాన్ని విచారణకు తీసుకోదు.